ఇరవై ఐదు మీటర్లు

బల్లారట్‌లో జూలై.
కిటికీ అద్దం మీద మంచు
ఎవరో దూది ఏకి వదిలేసినట్టుంది.
హీటరు కాళ్ళ దగ్గర గుర్రుమంటోంది.
నేను నీళ్ళు గీస్తున్నాను.

పనేమిటంటే, సర్టిఫికెట్.
ఏ ఫోర్ కాగితం, అడ్డంగా,
చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనం.
కోతలో పోయేదానికి కూడా శ్రద్ధగా రంగు వేయాలి,
ఈ వృత్తికి అదొక ధర్మం.
మరీన్ అడిగింది, కౌన్సిలు ఈతకొలనులో
మాలాంటి ముదురు పిల్లలకు ఈత నేర్పే మరీన్:
"నువ్వు బొమ్మల్ని కదిలిస్తావటగా,
మనవాళ్ళకో కాగితం చేసిపెట్టు.
డాల్ఫిన్లు మాత్రం వద్దు."

డాల్ఫిన్లు పెట్టలేదు.
చెయ్యి గీశాను.
నీళ్ళలోంచి లేచి, చెవిని రాసుకుంటూ వెళ్ళి
మళ్ళీ నీళ్ళలో దిగే చెయ్యి.
సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు, రెండు సెకన్లు.
తెర మీద అది ఈదుతూనే ఉంటుంది,
ఊపిరాడక ఆగదు, తాడు పట్టుకుని వేలాడదు
నాలాగా.

కాగితం దగ్గరే చిక్కు.
కాగితం కదలదు.
నలభై ఎనిమిదిలో ఒక్కటే దిగుతుంది అచ్చుకి.
ఏది?
ఏడోది ఎవరినో కొట్టబోతున్నట్టుంది.
పంతొమ్మిదోది బస్సు ఆపుతున్నట్టుంది,
అది జ్యోత్స్నకైతే నప్పుతుంది, ఆవిడ నడిపేది బస్సే కాబట్టి.
ముప్పై ఒకటోది మునుగుతూ పిలుస్తున్నట్టుంది.
మొదటి వారం మేమంతా ఆ ఫ్రేములోనే ఉన్నాం.

ఇక పేర్లు.
నౌరోజ్ అలీ, అచోల్ దెంగ్, గీత మీద కుదురుగా కూర్చున్నారు.
కొల్లిపర జ్యోత్స్న దగ్గర సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది.
తెలుగులోనే కావాలంది ఆవిడ.
"ఇంగ్లీషులో నా పేరంటే
నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు పలుకుతారు అందరూ,
కాగితం మీదైనా చల్లారనీ."
తకారం కింద ఉండాల్సిన సకారం
పక్కకొచ్చి నిలబడింది,
నకారం ఇంకో అడుగు ఎడంగా,
మధ్యలో పొల్లులు, విరిగిన గాజు ముక్కల్లా.
ఒత్తులన్నీ ఒడ్డున చేరి
నీళ్ళలోకి దిగమంటే దిగనంటున్నాయి.

ఆ భయం నాకు తెలుసు. తొందరపెట్టలేదు.
అక్షరాన్ని ఒట్టి గీతలుగా విడగొట్టి
సకారాన్ని నడుం పట్టుకుని దించాను,
దాని కింద నకారాన్ని.
మరీన్ మా వీపు కింద అరచెయ్యి ఉంచి
వదుల్తున్నానని చెప్పకుండా వదిలినట్టు
మౌసు వదిలాను.
తేలింది.

ప్రింటరు నీలాన్ని వంకాయరంగు చేసింది.
తెర మీది నీలం వెలుగు, కాగితం మీది నీలం సిరా.
అవి తోబుట్టువులు కావు, వియ్యంకులు.
ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతుంది.
నాలుగు కాగితాలు తగలేశాక
నీలంలోంచి ఎరుపు కాస్త తోడిపోస్తే
కొలను అడుగున పలకల రంగు వచ్చింది,
క్లోరిన్ వాసన ఒక్కటే తక్కువ.

చివరికి నలభై రెండో ఫ్రేము.
అందులో చెయ్యి కనపడదు.
అప్పుడే లోపలికి వెళ్ళిన చోట
నీటి మీద ఒక మడత, అంతే.
"చెయ్యేదీ?" అంది మరీన్.
"ఈదుతోంది" అన్నాను.

శనివారం తొమ్మిది మందికి తొమ్మిది ఇచ్చింది.
నౌరోజ్ తనది తలకిందులుగా పట్టుకుని ఫొటో దిగాడు,
ఎవరూ చెప్పలేదు.
జ్యోత్స్న తడి బొటనవేలితో
తన పేరు చివర ఒత్తులు తడిమి
అంటుకున్న సిరా చూసుకుని,
"నీదేదీ?" అంది.
"ఇంకు అయిపోయింది" అన్నాను.

పద్దెనిమిది మీటర్ల దగ్గర
నాకు ప్రతిసారీ గోడ కావాలనిపిస్తుంది.
అక్కడ గోడ ఉండదు.

ఫైల్లో పదో లేయరు ఒకటుంది, నా పేరుతో.
దాని పక్కన కన్ను గుర్తు మూసి ఉంచాను.
అక్షరాలు ఇంకా సరిచేయలేదు.
నా పేరులో ఒత్తు ఒక్కటే.
ఒడ్డునే ఉంది.